కోటలో ఒక నాడు: మదరాసు రాష్ట్రము తమిళనాడైన వృత్తాంతము

1967 జూలై 18వ తేదీ, మంగళవారమునాడు చెన్నపురి సెయింటు జార్జి కోటలోని శాసనసభా మందిరమున ఒక తీర్మానము ప్రతిపాదింపబడినది. దాని పాఠము మిక్కిలి చిన్నది. మదరాసు రాష్ట్రమను పేరును తమిళనాడని మార్చుటకు భారత రాజ్యాంగమున కావలసిన సవరణ జరిపింపవలసినదని కేంద్ర ప్రభుత్వమును కోరుటయే దాని సారాంశము. సభ దానిని ఏకగ్రీవముగా ఆమోదించినది. ఆ సాయంకాలము మేము మా ఇండ్లలోనే యుంటిమి. గుమ్మములు కదలలేదు, పొలముల గట్లు కదలలేదు, ఇరుగుపొరుగు మారలేదు. అయినను మేము నివసించు రాష్ట్రమునకు వేరొక పేరు రాబోవుచున్నదని తెలిసినది. ఆ పేరు ఒక భాష పేరు. అది మా ఇంటి భాష కాదు.

ఆ దినమును గూర్చి తమిళ సోదరులు చాల వ్రాసికొనిరి. వారికది పండుగ. తెలుగువారి సంచికలలో మాత్రము దానిని గూర్చి వ్రాసినవారు అరుదు. అది మనకు సంబంధించిన విషయము కాదని తలచుటయో, సంబంధించినదే గాని చెప్పుకొనుటకు మొగమాటపడుటయో కారణమై యుండును. దక్షిణమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల వారికి ఆ దినపు చరిత్ర తెలిసియుండుట అవసరమని మా తలంపు. ఒక శాసనసభ ఏ పనిని తానే చేయగలదో, ఏ పనికి మరొకరిని అర్థింపవలెనో, సభలో పలికిన మాటలలో ఏవి మన గడపవరకు వచ్చునో, ఏవి రావో ఆ వృత్తాంతము వలన తెలియును.

ముందుగా పేరు మాట. మదరాసను పేరు ఎచ్చటినుండి వచ్చినదో పండితులు ఇంకను వాదించుకొనుచునే యున్నారు. చెన్నపట్టణమను పేరును గూర్చి మన పెద్దలకు సందేహము లేదు. 1639లో ఇంగ్లీషు కంపెనీవారికి ఆ సముద్రతీరమున కోట కట్టుకొనుటకు అనుమతి నిచ్చినది దామెర్ల వారి వంశము. దామెర్ల వేంకటాద్రి నాయకుడు తన తండ్రి చెన్నప్ప నాయకుని పేర ఆ ఊరు వర్ధిల్లవలెనని కోరెను. మన అవ్వలు, తాతలు ఇంగ్లీషువారి కాగితములలో ఏమి వ్రాసియున్నను చెన్నపట్నమనియే పిలిచిరి. 1996లో ఆ నగరమునకు అధికారికముగా చెన్నై యను పేరు స్థిరపడినప్పుడు, మన ఇండ్లలోని వృద్ధులకు క్రొత్తగా నేర్చుకొనవలసినది ఏమియు లేకపోయినది. ఒక తెలుగు నాయకుని అనుమతితో లేచిన కోటలోనే 1967లో మదరాసను పేరునకు సెలవిచ్చు తీర్మానము జరిగినది.

ఆ పేరు క్రింద ఎన్ని భాషలవారు జీవించిరో నేటి యువకులకు ఊహించుటయు కష్టము. పాత రాజధానిలో తెలుగు, తమిళము, మలయాళము, కన్నడము, తుళువు, ఒడియా మాట్లాడువారు ఒకే సర్కారు క్రింద నుండిరి. దాని మంత్రివర్గములకు పానగల్లు రాజావారు, బొబ్బిలి రాజావారు పెద్దలుగా నుండిరి. 1946లో టంగుటూరి ప్రకాశంగారు ప్రధానియైరి. 1949 మొదలు 1952 వరకు ఆ పదవిలో నున్న పూ. స. కుమారస్వామిరాజాగారు రాజపాళయపు తెలుగువారు. వారి పూర్వులు ఎన్ని తరముల క్రిందట దక్షిణమునకు వచ్చినను, ఇంట తెలుగు మానలేదు. తరువాత వారే ఒరిస్సాకు గవర్నరుగా వెళ్లిరి. మదరాసను పేరు ఏ ఒక్క భాషకును చెందినది కాకపోవుటచేత, దాని క్రింద ఎవరైనను తమ ఇంటనున్నట్లే యుండగలిగిరి. అంతమాత్రమున అది స్వర్గమని మేము చెప్పము. ఆ రాజ్యమున తమకు తగిన స్థానము లేదని మొదట మొరపెట్టినవారు మన ఆంధ్రులే గదా.

ఇచ్చట మేము కొంత నిష్ఠురముగా మాటలాడవలసియున్నది. భాష పేర రాష్ట్రము కావలెనని దేశమంతయు వినునట్లు పట్టుపట్టినవారము మనము. 1952 అక్టోబరు 19వ తేదీన పొట్టి శ్రీరాములుగారు ఈ నగరమందే, మైలాపురమున బులుసు సాంబమూర్తిగారి ఇంట నిరాహార దీక్ష పూనిరి. డిసెంబరు 15వ తేదీ రాత్రి ప్రాణము విడిచిరి. నాలుగు దినములకు ప్రధానమంత్రి నెహ్రూగారు ఆంధ్రరాష్ట్రము నిచ్చెదమని ప్రకటించిరి. మదరాసు నగరము మాత్రము అందులో చేరదని చెప్పిరి. 1953లో ఆంధ్రరాష్ట్రపు బిల్లు చర్చకై మదరాసు శాసనసభకు వచ్చినప్పుడు రాజాజీగారు ముఖ్యమంత్రులు. ఆ సభ 375 మందితో 1952లో ఎన్నికైనది. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు ముఖ్యపట్టణముగా ఆంధ్రరాష్ట్రమేర్పడగా, 140 మంది సభ్యులతో దాని శాసనసభ వేరైనది. శాసనసభ్యులు రైలెక్కి వెళ్లిపోయిరి. వారి వెనుక కచ్చేరీలు, గుమాస్తాలు, పుస్తకాల పెట్టెలు వెళ్లినవి. మేము వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదని ఉత్తరదేశపు బంధువులు నేటికిని అడుగుచుందురు. వెళ్లుటకు మేము నిన్న వచ్చినవారము కాము. కోవిల్పట్టి నల్లరేగడిలో, కోయంబత్తూరు తోటలలో, మధుర వీథులలో, హోసూరు మెట్టలలో మా పూర్వుల చెమట యింకినది. మధుర, తంజావూరు నాయకరాజుల కాలమున వచ్చినవారు కొందరు, అంతకు ముందే వచ్చినవారు కొందరు. చెన్నపురి జార్జిటౌనులో వర్తకము చేసికొన్నవారు కొందరు. తిరుత్తణి ప్రాంతపువారి కథ మరియు విచిత్రము. 1953లో వారు ఆంధ్రరాష్ట్రములో నుండిరి. 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దుల మార్పుతో మదరాసు రాష్ట్రములోనికి వచ్చిరి. ఇంటి చూరు క్రింద కూర్చుండియే రెండు రాష్ట్రములు చూచినవారు వారు!

1956 నవంబరు 1వ తేదీన దేశపటము మరల గీయబడినది. మలబారు కేరళములో చేరినది, దక్షిణ కన్నడము మైసూరుకు పోయినది, కన్యాకుమారి, చెంగోట ఇటు వచ్చినవి. ఉత్తరమున ఆంధ్రప్రదేశ్, పడమట కేరళము తమ ప్రజల పేర, తమ నేల పేర వెలసినవి. మిగిలిన తమిళ ప్రదేశమునకు మాత్రము ఆ పాత నగరపు పేరే నిలిచినది. ఆంధ్రులకు ఆంధ్ర, మలయాళులకు కేరళము గలుగగా తమకేమి తక్కువయని తమిళులు ప్రశ్నించుట న్యాయమే గదా.

ఆ ప్రశ్నకై ప్రాణమొడ్డినవారొకరున్నారు. మన తెలుగు ఇండ్లలో శ్రీరాములుగారి పటమునకు పూలమాల వేయువారు కూడ ఈయన పేరు ఎరుగకపోవుట మాకు చాలకాలముగా మనస్సునకు కష్టముగా నున్నది. ఆయన శంకరలింగనార్ అను వృద్ధ గాంధేయవాది. 1956 జూలై 27వ తేదీన విరుదునగరమున పండ్రెండు కోరికలతో నిరాహార దీక్ష ప్రారంభించిరి. వానిలో రాష్ట్రమునకు తమిళనాడను పేరిడుట యొకటి. రెండున్నర నెలలు గడచినవి. అక్టోబరు 13వ తేదీన వారు మరణించిరి. విరుదునగరము ఆనాటి ముఖ్యమంత్రి కామరాజుగారి స్వస్థలము. ఆ చుట్టుప్రక్కల సాత్తూరు, శివకాశి, రాజపాళయము ప్రాంతములలో తెలుగు కుటుంబములు ఎన్నియో గలవు. ఆ దీక్ష జరిగిన చోటు మన ఊళ్ల నడుమనే యుండెను.

నాలుగేండ్ల ఎడముతో ఇద్దరు పెద్దలు, ఇద్దరును గాంధీగారి మార్గమున నడచినవారు, ఇద్దరును అన్నము మాని మరణించినవారు. ఒకరు తెలుగువారికి రాష్ట్రము కోరిరి, ఒకరు తమిళుల రాష్ట్రమునకు పేరు కోరిరి. ఒకరి మరణము నాలుగు దినములలో ఫలించినది. రెండవవారి కోరిక నెరవేరుటకు పండ్రెండేండ్లు దాటినవి. మొదటివారిని కొలుచుచు రెండవవారి కోరికను చూచి నొచ్చుకొనుట తెలుగువానికి తగునా? తగదని మా దృఢాభిప్రాయము.

పిదప జరిగినదానిని సంక్షేపముగా చెప్పెదము. 1961లో మదరాసు ప్రభుత్వము ఒక నడిమి త్రోవ తొక్కినది. తమిళమున వ్రాయు కాగితములలో తమిళనాడనియు, ఇంగ్లీషున వ్రాయువానిలో మదరాసు రాష్ట్రమనియు వాడవచ్చునన్నది. ఒకే రాష్ట్రమునకు భాషకొక పేరు! 1963లో వంగదేశపు కమ్యూనిస్టు సభ్యులు భూపేశ్ గుప్తాగారు రాజ్యసభలో పేరు మార్పునకు ఒక అనధికార బిల్లు తెచ్చిరి. ఒక బెంగాలీ ఈ పని కెత్తుకొనుట గమనింపదగినది. అప్పుడు ఆ సభలో సభ్యులుగా నున్న అణ్ణాదురైగారు దానిని సమర్థించుచు దీర్ఘముగా ప్రసంగించిరి. పేరు మార్చినచో మీకు ఒరుగునదేమని ఒకరు అడుగగా, పార్లమెంటును లోకసభ, రాజ్యసభయనియు, అధ్యక్షుని రాష్ట్రపతియనియు పిలుచుటవలన మీకు ఒరిగినదేమని వారు ఎదురు ప్రశ్నించిరట. బిల్లు వీగిపోయినది.

1967 ప్రారంభమున జరిగిన ఎన్నికలలో ద్రావిడ మున్నేట్ర కళగము గెలిచినది. మార్చి 6వ తేదీన అణ్ణాదురైగారు ముఖ్యమంత్రులైరి. నాలుగు నెలలు నిండిన పిదప జూలై 18వ తేదీ వచ్చినది.

ఆనాటి సభను కన్నులకు కట్టించుకొందము. సభాధ్యక్ష పీఠమున సి. పా. ఆదిత్తనార్‌గారు. తమిళమున వాడుకభాషతో పత్రిక నడపి సామాన్యులకు వార్తలు చదువుట నేర్పినవారుగా వారికి పేరు. ప్రతిపక్ష నాయకులు కాంగ్రెసువారైన పి. జి. కరుత్తిరుమన్‌గారు. సభ్యులలో మ. పొ. శివజ్ఞానముగారు. ఈ చివరి పేరు వినగానే మన పెద్దలలో కొందరికి కనుబొమలు ముడివడును. ఆంధ్రోద్యమ దినములలో మదరాసు నగరము మాదని మనవారు వాదింపగా, కాదు మాదని వీథులలో జనమును కూర్చినవారు వారు. తిరుత్తణికై ఉత్తరపు సరిహద్దున పోరాడినవారును వారే. తమిళనాడను పేరు కొరకు ఎందరికన్న ముందు గొంతెత్తినవారిలో వారొకరు. ఎదుటి పక్షమున నిలిచి, తన మాట మీద ఇన్నేండ్లు కదలక నిలిచినవానిని మెచ్చుకొనుటకు మనకు అడ్డేమి?

తీర్మానమును ప్రతిపాదించినది ముఖ్యమంత్రిగారే. ఇందులో ఒక చట్టపు చమత్కారము గలదు. అణ్ణాదురైగారు అప్పుడు శాసనసభలో సభ్యులు కారు, శాసనమండలి సభ్యులు. ఆ రోజులలో మదరాసునకు రెండు సభలుండెడివి. మండలి 1986లో రద్దయినది. మంత్రియైనవాడు తాను సభ్యుడు కాని సభలో కూడ మాటలాడవచ్చును, తీర్మానము తేవచ్చును. ఓటు మాత్రము వేయరాదు. రాజ్యాంగము 177వ అధికరణము అట్లు చెప్పుచున్నది. తమ జీవితమంతయు కోరిన పేరునకై తీర్మానము తెచ్చిన పెద్దమనిషికి ఆ సభలో చేయి ఎత్తు హక్కు లేదు. ఏకగ్రీవమైన దినమున దానితో పనియే పడలేదనుట వేరు మాట.

మరియొక సంగతి చట్టమెరుగనివారికి చెప్పవలసియున్నది. ఆ దినమున సభ చేసినది చట్టము కాదు, తీర్మానము. రాష్ట్రపు పేరు మార్చు అధికారము రాష్ట్ర శాసనసభకు లేదు. రాజ్యాంగము 3వ అధికరణము ప్రకారము అది పార్లమెంటు సొత్తు. రాష్ట్రపతి సిఫారసుపై బిల్లు రావలెను; ఆ బిల్లును ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయమునకు పంపవలెను. అభిప్రాయము తెలుపుటకే గాని, ఆపుటకు సభకు శక్తి లేదు. 1953లో ఆంధ్రరాష్ట్రపు బిల్లు మదరాసు సభకు వచ్చినదియు ఈ నియమము చేతనే. ఊరిలో బావికి పేరు పెట్టుటకు పంచాయతీ చాలును. రాష్ట్రము తనకు తాను పేరు పెట్టుకొనవలెనన్న ఢిల్లీకి విన్నపము పంపవలెను. ఈ ఏర్పాటు మంచిదా చెడ్డదా యని వాదించువారు గలరు. మాకు మాత్రము, పేరు మార్పు ఒక్క సభ ఆవేశమునకు లోబడక రెండు చోట్ల చర్చింపబడుట మంచిదే యనిపించును.

కాంగ్రెసు ప్రతిపక్షము కూడ తీర్మానమును సమర్థించినది. పదకొండేండ్ల క్రిందట శంకరలింగనార్ మరణించినప్పుడు అధికారములో నున్న పక్షమే అది. మాట మార్చుట రాజకీయములలో క్రొత్త గాదు. మంచికి మార్చినప్పుడు దానిని ఎత్తిపొడువవలసిన పని లేదు. సభ్యులందరు ఒక్క గొంతుతో ఆమోదించిన పిమ్మట ముఖ్యమంత్రిగారు నిలుచుండి 'తమిళనాడు' అనిరి. సభ 'వాళ్గ' యని బదులు పలికినది. మూడు మారులు అట్లు జరిగినది. 'వర్ధిల్లుగాక' యని ఆ మాటకు అర్థము. నినాదములు వీథులకే గాని సభలకు తగవని చెప్పు మర్యాదస్థులున్నారు. ఆ ఒక్క దినమున వారును మన్నించియుందురని తలంతుము.

ఆ నినాదము మన చెవికి ఎట్లు వినిపించినది? ఇందులో మేము సంఘము పక్షమున ఒకే మాట చెప్పలేము. మాలో కొందరికి ఆ పేరు పరాయిగా తోచినది. మదరాసీలమని చెప్పుకొనుటలో ఏ భాషవారమో చెప్పవలసిన పని లేకుండెను. ఇకమీద ప్రతి మాటకు వివరణ యిచ్చుకొనవలెను గదా యని వారి బాధ. తమిళనాటి తెలుగువారమనుటలోనే ఒక మెలిక గలదు. కొందరు నవ్వి ఊరకుండిరి. తాతముత్తాతల నాటినుండి ఇంట తెలుగు, వీథిలో తమిళము. సంతలో బేరము తమిళమున, పెండ్లి పిలుపు తెలుగున. వీథి పేరు మారినంత మాత్రమున ఇంటి మాట మారునా యని వారి ధీమా. మరికొందరు నిజముగానే సంతోషించిరి. ద్రావిడోద్యమమున ముందు నడచినవారిలో తెలుగు, కన్నడ కుటుంబములలో పుట్టినవారును లేకపోలేదు. ఈ మూడు తీరుల మనుష్యులును ఒకే పంక్తిలో కూర్చుండి భోజనము చేసిన ఇండ్లు మావి.

పార్లమెంటు 1968లో మదరాసు రాష్ట్రపు పేరు మార్పు చట్టము చేసినది. 1969 జనవరి 14వ తేదీ, పొంగలి పండుగనాడు అది అమలులోనికి వచ్చినది. మనకది సంక్రాంతి. అప్పటికి అణ్ణాదురైగారు తీవ్ర రోగపీడితులు. పేరు మారిన ఇరువది దినములకు, ఫిబ్రవరి 3వ తేదీన వారు కాలధర్మము చెందిరి.

ఇతర రాష్ట్రములలోని మన సోదరులు ఈ కథ తమది కాదనుకొనరాదు. మైసూరు 1973 నవంబరు 1వ తేదీన కర్ణాటకమైనది. బళ్లారిలోను, కోలారులోను, బెంగుళూరులోను మనవారికి అదే అనుభవము. ఒరిస్సా 2011లో ఒడిశాగా వ్రాయబడినది. బరంపురపు తెలుగువారు తమ ఊరి కాగితములపై ఆ మార్పును చూచిరి. మహారాష్ట్రము 1960 మే 1వ తేదీన పుట్టుటతోనే భాషారాష్ట్రముగా పుట్టినది. షోలాపురపు సాలెవారు, బొంబాయి మిల్లులలోని మనవారు ఆ దినమునుండి మహారాష్ట్రపు తెలుగువారు. యానాము సంగతి మాత్రము వేరు. ఫ్రెంచివారు విడిచిన ఆ చిన్న సీమ పుదుచ్చేరిలో భాగము. పుదుచ్చేరి శాసనసభ 1965లో చేసిన అధికార భాషా చట్టమున తమిళమునకు ప్రధాన స్థానమిచ్చుచునే, మాహేలో మలయాళమునకు, యానాములో తెలుగునకు చోటు చూపినది. గోదావరి ఒడ్డున ఒక మూలనున్న కొలది జనము కొరకు ఒక చట్టములో ఒక మాట చేర్చుటకు ఎవరో శ్రద్ధ వహించిరి. మేము శ్రద్ధయని పిలుచునది ఇట్టిదానినే.

పేరు మార్చిన తీర్మానము పేరును గూర్చినదే గాని, ఇంటి భాషలను గూర్చినది కాదు. దానివలన ఒక్క తెలుగు బడియు మూతపడలేదు, ఒక్క తెలుగు పుస్తకమును అటక ఎక్కలేదు. మన ఇండ్లను తాకినవి ఆ తరువాతి శాసన దినములు. 1968 జనవరి 23వ తేదీన అదే సభ, అదే ముఖ్యమంత్రి ఆధ్వర్యమున, మూడు భాషల సూత్రమును త్రోసిపుచ్చి బడులలో రెండు భాషలే యుండవలెనని తీర్మానించినది. హిందీ తొలగినది. ఆ ఏర్పాటులో తమిళము కాని మాతృభాష గలవారు తమ భాషను మొదటి భాషగా చదువుకొని, దానితోపాటు ఇంగ్లీషు చదువుకొనగలిగిరి. చెన్నపురిలో, హోసూరులో, తిరుత్తణిలో మన పిల్లలు తెలుగు వాచకము పట్టుకొని పరీక్షలకు వెళ్లుట చాలకాలము సాగినది.

2006లో తమిళము నేర్పు చట్టము వచ్చినది. దాని ప్రకారము బడిలో మొదటి భాష తమిళము, రెండవది ఇంగ్లీషు. మాతృభాష వేరైనవారు దానిని ఐచ్ఛికముగా చదువుకొనవచ్చును. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటికొక తరగతి చొప్పున ఎక్కి, 2015-16 నాటికి అది పదవ తరగతిని చేరునట్లు ఏర్పాటు. తాము నివసించు రాష్ట్రపు భాష పిల్లలు నేర్వవలెననుటలో మాకు తగవు లేదు. సంతలో, కచ్చేరిలో, వైద్యశాలలో అది లేక బ్రతుకు లేదు. నిజమునకు మన పిల్లలలో తమిళము రానివారెవరు? తగవంతయు తెలుగు ఏ వరుసలో నిలిచినదన్న దానిమీదనే. మొదటి భాషగా నున్నది ఐచ్ఛికమైనప్పుడు బడిపెద్దకు ఉపాధ్యాయుని వేయవలెనన్న తొందర తగ్గును. ఉపాధ్యాయుడు విశ్రాంతి తీసికొన్న పిదప ఆ కుర్చీ ఖాళీగా నుండును. నాలుగేండ్లకు ఆ కుర్చీయు ఉండదు.

ఇచ్చట తప్పు ఒప్పుకొనవలసినవారము మేమే. 1967 నాటి తీర్మానమును గూర్చి మా ఇండ్ల అరుగులమీద ఎన్నియో రాత్రులు చర్చించితిమి. పేరు మన మనస్సును నొప్పించినదా లేదా యని తర్కించితిమి. 2006 నాటి చట్టమును మాలో ఎందరు చదివిరి? ఒకటవ తరగతి పిల్లవాని వాచకము మారినప్పుడు, చిన్నవాడు గదా, ముందు చూతమనుకొంటిమి. ఆ పిల్లవాడు పదవ తరగతికి వచ్చి, ప్రభుత్వ పరీక్షలో తమిళ పత్రము తప్పదని తెలిసిన నాడు గాని మేము న్యాయవాదుల ఇండ్లకు పరుగెత్తలేదు. 2016లో మదరాసు ఉన్నత న్యాయస్థానము అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు ఆ పత్రమునుండి మినహాయింపు చూపినది. 2023లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మరియొక ఏడు పొడిగించినది. మినహాయింపులు ఏటికేడు అడుగుకొని తెచ్చుకొనునవి. వానిని నమ్ముకొని బడి కట్టలేము.

2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాట తెలుగు తమ భాషయని వ్రాయించినవారు 42 లక్షలకు పైబడియున్నారు. ఇంట తెలుగు పలుకుచు లెక్కలవానికి తమిళమని చెప్పినవారు ఎందరో, వారివారి మనస్సులకే తెలియును. ఇంతమంది యున్నచోట రాజ్యాంగము కొన్ని దారులు తెరచియే యుంచినది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింపవలెనని 350 అ అధికరణము చెప్పుచున్నది. తన మొరను రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారికి వ్రాసికొను హక్కు 350వ అధికరణము నిచ్చినది. సభలో ఇతర భాషలలో తన భావము చెప్పలేని సభ్యుడు సభాధ్యక్షుని అనుమతితో మాతృభాషలో మాటలాడవచ్చునని 210వ అధికరణము. ఈ మూడంకెలను మన సంఘములవారు తమ కార్యాలయపు గోడమీద వ్రాసియుంచుకొన్నను తప్పులేదు.

హోసూరు సీమ నుండి ఎన్నికైన కె. గోపీనాథ్‌గారు తమిళనాడు శాసనసభలో తెలుగున మాటలాడి, తెలుగు పిల్లల చదువును గూర్చి అడిగినవారు. 2024 జూన్‌లో వారు కృష్ణగిరి నుండి లోకసభకు ఎన్నికై ఢిల్లీలో ప్రమాణము చేయునప్పుడు చేతిలో రాజ్యాంగ గ్రంథము పట్టుకొని తెలుగుననే ప్రమాణము చేసిరి. ముగించి దిగిపోవుటకు ముందు తమిళమున నమస్కారము చెప్పి, తమిళనాడునకు జయము పలికిరి.